‘దివాలా తీయడం’ నుంచి ‘ఐ.పి. పెట్టడం’ దాకా: తెలుగు అప్పుల కథనాల్లో పరువు, దుఃఖం, విముక్తి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అప్పు తీర్చలేనని న్యాయస్థానం ముందు ఒప్పుకోవడం చట్టం దృష్టిలో ఉపశమనానికి మార్గం. సమాజం దృష్టిలో మాత్రం అది అపరాధం. ఈ రెండు దృష్టుల మధ్య నలిగే మనిషి దుఃఖాన్ని తెలుగు భాష, తెలుగు కథనాలు ఎలా పలికించాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల వ్యవహారంలో వినిపించే అప్పుల పదజాలం, హరిశ్చంద్ర కథ, భక్త రామదాసు కథ, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం నిర్దేశించిన పిటిషను రూపం ఇక్కడ పరిశీలనకు ఆధారాలు. దివాలా ప్రారంభానికి తెలుగులో ఎన్నో మాటలు ఉన్నాయని, దాని ముగింపుకు మాత్రం జనవ్యవహారంలో మాట లేదని, బాధితుడి అవమానం ఏళ్ల తరబడి కొనసాగడానికి ఈ లోటు ఒక ముఖ్య కారణమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దివాలా, ఐ.పి., ఋణం, పరువు, హరిశ్చంద్రుడు, నక్షత్రకుడు, రామదాసు, చెల్లుచీటీ, మలక్‌పేట.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పు భాగంలోని మలక్‌పేటకు లెక్కలతో పాత సంబంధం ఉంది. 1886లో ఇక్కడికి తరలివచ్చిన గుర్రప్పందాల మైదానం ఒకవైపు, మహబూబ్ మాన్షన్ గంజ్‌గా పేరొందిన వ్యవసాయ మార్కెట్ మరొకవైపు ఉన్నాయి. పందెంలో పోయిన డబ్బుకు సానుభూతి ఉండదు. గంజ్‌లో పోయిన డబ్బుకు ఉంటుంది. అయితే అది కొంతకాలమే. ఉల్లిగడ్డ, మిర్చి వ్యాపారం చేసే ఇలాంటి మార్కెట్లలో రైతు, అడ్తిదారు, ఖరీదుదారు, చిల్లర వర్తకుడు ఒకరికొకరు ‘ఉద్దెర’ దారంతో కట్టుబడి ఉంటారు. ఒకచోట దారం తెగితే మిగిలిన ముళ్లన్నీ సడలుతాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగితే దుకాణాలు, వసతి గృహాలు, శిక్షణ కేంద్రాలు కనిపిస్తాయి. వాటి వెనుక చిట్టీలు, చేబదుళ్లు, రోజువారీ వసూళ్ల ఫైనాన్సులు ఉంటాయి. ఇక్కడ అప్పు అసాధారణ విషయం కాదు, వ్యాపారానికి ఊపిరి. ఆ ఊపిరి ఆగిన మనిషిని ఏమని పిలవాలన్న ప్రశ్న దగ్గరే ఈ పరిశీలన మొదలవుతుంది.

ఈ పరిశీలనకు ప్రేరణ ఇంటి అనుభవం. రెండు దశాబ్దాల కిందట ఈ వ్యాసకర్త మేనమామ తన దుకాణాన్ని నిలబెట్టుకోలేక న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అంతకుముందు రోజు వరకు బంధువుల నోట ఆయన ‘పాపం, దెబ్బతిన్న మనిషి’. పిటిషను వేసిన మరునాటి నుంచి ఆయన ‘ఐ.పి. పెట్టినాయన’. ఆ తర్వాత చాలా ఏళ్లకు జరిగిన ఒక పెళ్లిలో, వరుసలు పరిచయం చేస్తూ ఎవరో “గా ఐ.పి. పెట్టిన మామ ఈయననే” అన్నారు. చెప్పినవారి గొంతులో ద్వేషం లేదు, ఆనవాలు చెప్పడమే ఉంది. ఆయన నవ్వి, చేయి కడుక్కొని, భోజనం ముగించకుండానే వెళ్లిపోయారు. ఒక న్యాయ ప్రక్రియ మనిషికి ఇంటిపేరుగా ఎలా మారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చట్టంలో కన్నా ముందు భాషలో, కథల్లో వెతకాలి.

2. మాటల్లో దాగిన తీర్పు

ఆర్థికంగా కూలిపోయిన స్థితిని చెప్పే తెలుగు మాటలు స్థూలంగా రెండు వర్గాలుగా కనిపిస్తాయి. చితికిపోవడం, దెబ్బతినడం, కుదేలు కావడం, అప్పులపాలు కావడం, నిండా మునగడం మొదటి వర్గానికి చెందుతాయి. వీటిలో కర్త అనుభవించేవాడు, జరిగినది అతడి మీద జరిగింది. దివాలా తీయడం, చేతులెత్తేయడం, బోర్డు తిప్పేయడం, ఎగ్గొట్టడం, ఐ.పి. పెట్టడం రెండో వర్గానికి చెందుతాయి. వీటిలో కర్త చేసేవాడు, జరిగినది అతడి వల్ల ఇతరుల మీద జరిగింది. మనిషి ఒకడే, నష్టమూ ఒకటే; కానీ క్రియ మారగానే బాధితుడు నిందితుడవుతాడు.

‘దివాలా’ అనే మాట మనకు ఉత్తరాది భాషల నుంచి వచ్చింది. అప్పు తీర్చలేని వర్తకుడు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి తన స్థితిని ప్రకటించేవాడని, దాని నుంచే ఈ మాట పుట్టిందని ఒక వివరణ ప్రచారంలో ఉంది. వివరణ నిజమైనా కాకపోయినా అందులోని భావన గమనార్హం: దివాలా అంటే అందరికీ కనబడేలా చేసే ప్రకటన. హిందీ, ఉర్దూ వ్యవహారంలో ఈ మాట రెండు విధాలుగా నడుస్తుంది. ‘దివాలా నికల్‌నా’ అంటే దివాలా దానంతట అది బయటపడడం. ‘దివాలా నికాల్‌నా’ అంటే దివాలా తీయడం. మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. తెలుగులో స్థిరపడినవి ‘తీయు’, ‘ఎత్తు’ అనే సకర్మక రూపాలే. తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపించే మలక్‌పేటలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఉర్దూ మాట్లాడే పొరుగువాడు ‘ఉస్కా దివాలా నికల్ గయా’ అన్న చోట, తెలుగు వర్తకుడు ‘వాడు దివాలా తీసిండు’ అంటాడు. మొదటి వాక్యంలో విధికి చోటుంది. రెండో వాక్యంలో లేదు.

‘ఐ.పి.’ కథ మరింత ఆసక్తికరం. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే న్యాయ పదబంధం మొదటి రెండు అక్షరాలుగా కుదించుకుపోయి, అసలు విస్తరణ తెలియని వారి నోళ్లలోనూ నానుతున్నది. ‘పెట్టు’ అనే క్రియ తెలుగులో అర్జీకి, కేసుకు సహజంగానే వాడతాం. అక్కడ అది తటస్థమైన మాట. అదే క్రియ ‘కుచ్చుటోపీ పెట్టు’, ‘పంగనామం పెట్టు’, ‘ఎగనామం పెట్టు’ అనే పదబంధాల్లో మోసాన్ని సూచిస్తుంది. వ్యవహారంలో ఐ.పి. ఈ రెండో వరుసలోకి జరిగిపోయింది. దానికి విభక్తే సాక్ష్యం. అర్జీ కోర్టులో పెడతారు, ఐ.పి. మాత్రం ‘నాకు పెట్టాడు’ అంటారు. నామం ఎవరి నుదుట పెడితే ఐ.పి. వారికి పెట్టినట్టు. న్యాయస్థానానికి చేసుకున్న విన్నపం ఋణదాత మీద చేసిన దాడిగా వ్యాకరణంలోనే మారిపోయింది.

కాబట్టి పిటిషను మీద సంతకం చేసే వ్యక్తి ఆస్తిని మాత్రమే వదులుకోవడం లేదు. తనను ‘పాపం’ అనిపించిన మొదటి వర్గపు మాటల రక్షణనూ వదులుకుంటున్నాడు. ఆ రోజు అతడిని కుంగదీసే భావోద్వేగానికి మూలం డబ్బు పోవడం కాదు, అది ముందే పోయింది. తన కథను తాను చెప్పుకొనే హక్కు పోవడమే ఆనాటి కొత్త నష్టం.

3. హరిశ్చంద్రుడు: అమ్ముడుపోవడమే సత్యం

మాటల వెనుక కథలుంటాయి. అప్పు విషయంలో తెలుగువారి మనసులో బలంగా నాటుకున్న కథ హరిశ్చంద్రుడిది. పదిహేనో శతాబ్దపు గౌరన ద్విపద కావ్యం మొదలుకొని బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘సత్యహరిశ్చంద్రీయం’ నాటకం దాకా ఈ కథ పండితులను, పామరులను సమానంగా ఏడిపించింది. దీన్ని సత్యవ్రతుడి కథగా చదవడం పరిపాటి. అప్పులవాడి కథగా చదివితే మరొక రూపం కనిపిస్తుంది.

రాజ్యం ధారపోసిన తర్వాతా హరిశ్చంద్రుడికి విశ్వామిత్రుడి బాకీ మిగిలిపోతుంది. తీర్చడానికి ఆధారం కాగల సంపద అంతా అప్పటికే పోయింది. నేటి పరిభాషలో అతడు ఆస్తి లేని ఋణగ్రస్తుడు. అతడి ముందు రెండే దారులు ఉన్నాయి: మాట తప్పడం, లేదా మనుషులను అమ్మడం. అతడు రెండోదాన్ని ఎంచుకుంటాడు. వారణాసి వీధిలో చంద్రమతి కాలకౌశికుడికి అమ్ముడవుతుంది, లోహితాస్యుడు తల్లి వెంట వెళతాడు. అప్పటికీ చెల్లింపు ముగియక హరిశ్చంద్రుడు వీరబాహుడికి తానే అమ్ముడుపోతాడు. కథ దీన్ని ధర్మపు పరాకాష్ఠగా చూపుతుంది. ప్రేక్షకుడు ఏడుస్తాడు, కానీ ‘తీర్చలేను’ అని ఆ రాజు ఒక్కమాట అనివుంటే బాగుండునని కోరుకోడు. ఆ మాట అననందుకే అతడు హరిశ్చంద్రుడు.

ఈ కథలో నక్షత్రకుడి పాత్ర ప్రత్యేకంగా పరిశీలించదగినది. మార్కండేయ పురాణ కథలో విశ్వామిత్రుడే స్వయంగా వచ్చి బాకీ అడుగుతాడు. కన్నడంలో రాఘవాంకుడి కావ్యంలోనూ, తెలుగు హరిశ్చంద్ర కథల్లోనూ బాకీ వసూలుకు ఒక శిష్యుడు వెంటపడతాడు. ఋణదాతను, వసూలుదారును వేరుచేయడం దక్షిణాది కథకులు లోకజ్ఞానంతో చేసిన కల్పన. అప్పిచ్చినవాడి గౌరవం చెడదు, వేధింపు మరొకరి చేత జరుగుతుంది. రంగస్థలం మీద నక్షత్రకుడు హాస్యం పండిస్తాడు. ఆ హాస్యం వెనుక ఋణగ్రస్తుడి నిస్సహాయత ఉంది. విసుగులేకుండా వెంటపడేవాడికి అతడి పేరు తెలుగులో జాతీయమైంది. రోజుకు పదిసార్లు మోగే వసూలుదారు ఫోనుకు కూడా ఆ పేరే పెడుతున్నాం. ఇక్కడొక చిక్కుంది. వసూలుదారును నక్షత్రకుడని పిలిచిన మరుక్షణం, అప్పున్నవాడు హరిశ్చంద్రుడి కొలబద్ద కిందికి వస్తాడు. ‘నీవెందుకు అమ్ముడుపోలేదు?’ అన్న ప్రశ్న ఎవరూ అడగకపోయినా వినబడుతుంది.

కాటి ఘట్టం ఈ కొలబద్ద ఎంత కఠినమైనదో చూపుతుంది. కొడుకు శవానికి కాటిసుంకం చెల్లించలేని చంద్రమతిని, మెడలోని మంగళసూత్రం అమ్మి చెల్లించమంటాడు కాటికాపరి. భర్తకు తప్ప అన్యులకు కనబడని సూత్రం అది; దాన్ని చూడగలిగాడు కాబట్టే అతడు తన భర్త అని ఆమె గుర్తిస్తుంది. గుర్తింపు, అప్పు అడగడం ఒకే వాక్యంలో జరిగే ఈ సన్నివేశానికి సాటి అరుదు. దీన్ని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ పక్కన పెట్టి చూడాలి. ఋణగ్రస్తుడి ఆస్తిలో దేనిని జప్తు చేయరాదో ఆ సెక్షన్ చెబుతుంది: అతడికి, భార్యాబిడ్డలకు అవసరమైన బట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ తన ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు. దివాలా ప్రక్రియకూ ఇదే మినహాయింపు వర్తిస్తుంది. కథ చివరి పరీక్షగా అడిగినదాన్నే చట్టం మొదటి వరుసలో కాపాడింది. చట్టం మనిషికి గీసిన కనీసపు గీతను మన ఆదర్శకథ దాటి వెళ్లింది. మన అవమానభావం నేటికీ కథ గీసిన గీతనే అనుసరిస్తున్నది.

4. రామదాసు: నిందించే హక్కు, చెల్లుచీటీ

హైదరాబాదుకు మరింత దగ్గరి కథ కంచర్ల గోపన్నది. నేలకొండపల్లికి చెందిన ఈ తహసీల్దారు పాల్వంచ పరగణాలో వసూలైన ప్రభుత్వ ధనాన్ని భద్రాచల రామాలయానికి వెచ్చించాడని, అందుకు అబుల్ హసన్ తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని సంప్రదాయ కథనం. సాంకేతికంగా ఇది వ్యాపార దివాలా కాదు, ప్రభుత్వ బకాయి. అయినా తీర్చలేని బాకీ కింద నలిగిన మనిషి మాట్లాడిన తీరు తెలుసుకోవడానికి మనకున్న గొప్ప ఆధారం రామదాసు కీర్తనలే.

హరిశ్చంద్రుడు అప్పు గురించి ఫిర్యాదు చేయడు. రామదాసు చేస్తాడు. ఏ దేవుడికి ఏ నగ చేయించాడో, దేనికి ఎంత ఖర్చయిందో కీర్తనలో వరుసగా లెక్క చెబుతాడు. నీవు ధరించి కులుకుతున్నది ఎవరి సొమ్మని నిలదీస్తాడు. ఆ వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని, తప్పు పట్టవద్దని వేడుకుంటాడు. లెక్క, నింద, పశ్చాత్తాపం, వేడుకోలు అనే నాలుగు దశలు ఆ సాహిత్యంలో కనిపిస్తాయి. అప్పులో కూరుకుపోయిన మనిషి మనఃస్థితికి ఇంత నిజాయితీ గల చిత్రణ మరొకటి దొరకడం కష్టం. అతడు ఒకే రాత్రిలో లెక్కలు వేస్తాడు, ఇతరులను తిట్టుకుంటాడు, తిట్టినందుకు సిగ్గుపడతాడు, ఎవరైనా వచ్చి విడిపిస్తే బాగుండునని కోరుకుంటాడు. రామదాసు సంప్రదాయం ఈ నాలుగింటినీ పాడుకోదగిన భావాలుగా అంగీకరించింది. అప్పులవాడికి కోపం రావచ్చని తెలుగు సాహిత్యం ఒప్పుకొన్న సందర్భం ఇది.

కథ ముగింపు కూడా విశిష్టమైనది. రామలక్ష్మణులు సేవకుల వేషంలో వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించి రసీదు తీసుకుంటారు. దేవుడు వచ్చినా రసీదు లేకుండా కథ ముగియలేదన్నది గమనించాలి. విముక్తికి పత్రం కావాలి, ఆ పత్రం లోకానికి తెలియాలి. ‘చెల్లుచీటీ’ అనే చక్కని మాట మన భాషలో ఉన్నది ఇందుకే.

ఈ పాత్రను తెరమీద పోషించిన చిత్తూరు నాగయ్య జీవితం ఈ కథకు విషాద వ్యాఖ్యానంలా కనిపిస్తుంది. ఆయన స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ‘రామదాసు’ 1964లో విడుదలైంది. ఒకప్పుడు అత్యధిక పారితోషికం అందుకున్న నటుల్లో ఒకరైన నాగయ్య చివరి దశలో చిన్న చిన్న వేషాలతో గడపవలసి వచ్చింది. తెలుగు ప్రేక్షకులు ఆయన పతనాన్ని ఏ మాటల్లో చెప్పుకున్నారు? ‘చేతికి ఎముక లేదు’, ‘దానధర్మాలకు చితికిపోయారు’ అన్నారు. ఇవి మొదటి వర్గపు మాటలు. అంటే నష్టాన్ని త్యాగంగా చెప్పగలిగితే సమాజం గౌరవిస్తుంది. గంజ్‌లో ఉల్లి ధర పడిపోయి నష్టపోయిన వర్తకుడి దగ్గర, చిట్టీకి జమానత్ సంతకం పెట్టి ఇరుక్కున్న చిరుద్యోగి దగ్గర చెప్పుకోవడానికి త్యాగం కథ ఉండదు. వారికి మిగిలేది ‘ఐ.పి.’ అనే రెండక్షరాలే.

5. ఐ.పి. పిటిషను: భావానికి చోటులేని ఆత్మకథ

హరిశ్చంద్రుడికి అంగడి, రామదాసుకు చెరసాల దొరికితే, ఆధునిక ఋణగ్రస్తుడికి న్యాయస్థానం దొరికింది. ఇది చిన్న మార్పు కాదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం అప్పు తీర్చలేనివాడు తానే కోర్టుకు వెళ్లి, తన ఆస్తిని కోర్టు అధీనంలో పెట్టి, రక్షణ కోరవచ్చు. 2016లో కొత్త ఇన్సాల్వెన్సీ, బ్యాంక్‌రప్టసీ కోడ్ వచ్చింది. వ్యక్తులకు సంబంధించిన దాని నిబంధనలను 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకే అమలులోకి తెచ్చారు. అందువల్ల మామూలు మనిషికి ఇప్పటికీ ఆధారం నూరేళ్లు దాటిన పాత చట్టమే. మలక్‌పేట వాసి నగర సివిల్ కోర్టు మెట్లు, ఎల్.బి. నగర్ వాసి రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం మెట్లు ఎక్కుతాడు.

ఆ చట్టం 13వ సెక్షన్ పిటిషనులో ఏమేమి ఉండాలో నిర్దేశించింది: తాను అప్పులు తీర్చలేనన్న ప్రకటన, నివాసం, ప్రతి బాకీ మొత్తం, ఋణదాతల పేర్లు, చిరునామాలు, తన ఆస్తి వివరాలు, దాని విలువ, మినహాయింపు ఉన్నవి తప్ప మిగిలినదంతా కోర్టుకు అప్పగించడానికి సమ్మతి. సాహిత్య విమర్శకుడి కంటితో చూస్తే ఇది ఒక రచనా ప్రక్రియ. ఒక మనిషి తన జీవితమంతటినీ రెండు పట్టికల్లో చెప్పుకొనే నిర్బంధ ఆత్మకథ ఇది. రామదాసు కీర్తనలో ఉన్నట్టే ఇక్కడా జాబితా ఉంది, కానీ పల్లవి లేదు. ఋణదాతల పట్టికలో బ్యాంకు పేరు కింద బావమరిది పేరు, ఫైనాన్సు సంస్థ కింద బాల్యమిత్రుడి పేరు ఒకే వరుసలో ఉంటాయి. బావమరిది ఇచ్చిన సొమ్ము చెల్లెలి నగలు కుదువపెట్టి తెచ్చినదని రాయడానికి అందులో గడి లేదు. సంఖ్యకు చోటుంది, సందర్భానికి లేదు. చట్టం అలా ఉండడం న్యాయమే, అది అందరినీ సమానంగా చూడాలి. కానీ పిటిషను చెప్పలేని ఆ మిగులును చెప్పవలసినది సాహిత్యం. అది తగినంతగా చెప్పలేదు.

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదన్న విషయాన్ని ఉన్నత న్యాయవ్యవస్థ స్పష్టంగానే చెప్పింది. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, చెల్లించే శక్తి ఉండి దురుద్దేశంతో ఎగ్గొట్టేవాడికి, పేదరికం వల్ల చెల్లించలేనివాడికి తేడా చూడాలని, రెండోవాడిని చెరసాలకు పంపడం రాజ్యాంగం హామీ ఇచ్చిన జీవించే హక్కుకు విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ‘చేతులెత్తేశాడు’ అనే తెలుగు జాతీయంలో ఈ తేడా లేదు. శక్తి లేక ఎత్తినవీ, మోసంతో ఎత్తినవీ ఒకే చేతులు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ప్రక్రియ ముగింపు. చట్టంలో 41వ సెక్షన్ కింద ‘డిశ్చార్జ్’ ఉంది. నిర్ణీత గడువులో ఋణగ్రస్తుడు దానికి దరఖాస్తు చేసుకోవాలి. కోర్టు మంజూరు చేస్తే, కొన్ని మినహాయింపులకు లోబడి, పాత బాకీల నుంచి అతడు విడుదలవుతాడు. ఈ మాట తెలుగు వ్యవహారంలో ఎక్కడుంది? ‘ఐ.పి. పెట్టాడు’ అని అందరూ అంటారు. ‘డిశ్చార్జ్ అయ్యాడు’ అన్న మాట ఆస్పత్రి సందర్భంలో తప్ప వినబడదు. ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన మేనమామ తన డిశ్చార్జ్ ఉత్తర్వును ఇంట్లో ఎవరికీ చూపలేదు. ఆయన మరణానంతరం కాగితాల మధ్య అది దొరికింది. ‘దీన్ని చూపితే, మళ్లీ ఆ మాటే ఎత్తుతారు’ అని ఆయన అనుకొని ఉండవచ్చు. ప్రారంభం ఊరంతటికీ తెలిసిన కథకు ముగింపు బీరువా అడుగున ఉండిపోయింది. రామదాసు రసీదు లోకానికంతటికీ తెలిసింది. మా మామ రసీదు ఎవరికీ తెలియలేదు.

6. మాఫీకి లేని సిగ్గు ఐ.పి.కి ఎందుకు?

అప్పు తీర్చకపోవడమే అవమానానికి కారణమైతే, తీర్చని అప్పులన్నిటికీ ఒకే అవమానం ఉండాలి. వాస్తవం అలా లేదు. 2008లో కేంద్రం వ్యవసాయ రుణాల మాఫీ ప్రకటించింది. 2014లో తెలంగాణలో లక్ష రూపాయల వరకు, ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర వరకు, 2024లో తెలంగాణలో రెండు లక్షల వరకు రైతుల రుణమాఫీ అమలుకు వచ్చింది. ‘నాకు మాఫీ అయింది’ అని రైతు తలెత్తుకొని చెబుతాడు, అలా చెప్పడమే న్యాయం. ఈ వాక్యంలో క్రియ అకర్మకం, ‘అయింది’. దివాలా విషయంలో తెలుగు పోగొట్టుకున్న వ్యాకరణం మాఫీ విషయంలో నిలిచి ఉంది. తేడా అప్పులో లేదు. మాఫీ సమూహానికి వస్తుంది, ప్రభుత్వం నుంచి వస్తుంది, దానికి సభ, ప్రకటన, జాబితా ఉంటాయి. ఐ.పి. ఒంటరిగా వేసుకునేది, విముక్తి వచ్చినా దాన్ని ప్రకటించేవారుండరు. అవమానానికి మూలం ఒంటరితనమే.

ఈ ఒంటరితనపు ఫలితాన్ని తెలుగు నేల చాలా చూసింది. 2004 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వుతో, బలవన్మరణానికి పాల్పడిన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయంతోపాటు అప్పుల పరిష్కారానికి యాభై వేలు ఇచ్చే ఏర్పాటు చేసింది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపుల నేపథ్యంలో ఆర్డినెన్సు తెచ్చింది. రెండూ అవసరమైనవే. కానీ మొదటి ఉత్తర్వులో అప్పు పరిష్కారం మరణం తర్వాతనే మొదలైందన్నది చేదు నిజం. మన సాహిత్యమూ ఇదే క్రమాన్ని పాటించింది. అప్పుల బాధతో మరణించిన రైతు, నేతకార్మికుడి మీద కథలు, కవితలు విరివిగా వచ్చాయి. అప్పు తీర్చలేనని ఒప్పుకొని, ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికిన మనిషి కథ ఈ వ్యాసకర్త పఠనానుభవంలో అరుదు. మరణంతో ముగిసే కథకు కరుణ సులభంగా పండుతుంది. బతికినవాడు రేపు కిరాణా దుకాణం ముందు నిలబడాలి, బిడ్డ పెళ్లి సంబంధం మాట్లాడాలి. ఆ బతుకుకు కావలసింది కరుణ కాదు, మామూలుతనం. మామూలుతనాన్ని రాయడం కష్టం, దాని అవసరం మాత్రం ఎక్కువ.

7. ఋణదాత దుఃఖం

పై వాదానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయరాదు. గంజ్‌లో అప్పిచ్చినవాడు ఎప్పుడూ షావుకారే కాడు. పంట అమ్మి సొమ్ము కోసం ఎదురుచూసే రైతు కావచ్చు, బిడ్డ చదువుకని చిట్టీ కట్టిన గృహిణి కావచ్చు. ‘నాకు ఐ.పి. పెట్టాడు’ అన్న వాక్యంలోని ఆక్రోశం అబద్ధం కాదు. ఆస్తులు ముందే బంధువుల పేర మార్చి, ఆ తర్వాత కోర్టుకెక్కినవారూ ఉన్నారు. ఎందరో అమాయకుల మీద పడిన అనుమానపు నీడ అలాంటి వారిదే.

అయితే ఈ రెండు రకాల మనుషులను వేరు చేయడానికి చట్టం దగ్గర సాధనాలున్నాయి. దివాలాకు ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా చేసిన ఆస్తి బదిలీలను 53వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. ఒక ఋణదాతకు మేలు చేసే ఉద్దేశంతో మూడు నెలల లోపు జరిపిన చెల్లింపులను 54వ సెక్షన్ ప్రశ్నిస్తుంది. మోసానికి 69వ సెక్షన్ శిక్ష విధిస్తుంది. చట్టం విచారించి వేరు చేసేదాన్ని భాష విచారణ లేకుండానే కలిపేసింది. ఋణదాత దుఃఖానికి న్యాయం జరగాలన్నా ఈ తేడా భాషలోకి రావాలి. ‘ఎగ్గొట్టాడు’ అన్న మాట నిజమైన మోసగాడి కోసం పదునుగా మిగలాలంటే, దాన్ని ప్రతివాడి మీదా వాడి మొండిచేయకూడదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ఆర్థిక పతనాన్ని చెప్పే తెలుగు మాటలు అనుభవాన్ని చెప్పేవి, అభియోగాన్ని మోపేవి అని రెండు వర్గాలుగా ఉన్నాయి. న్యాయస్థానాన్ని ఆశ్రయించడం మనిషిని మొదటి వర్గం నుంచి రెండో వర్గంలోకి నెడుతుంది.

2. హరిశ్చంద్ర కథ అప్పు తీర్చడాన్ని సత్యంతో ముడివేసింది. చట్టం రక్షించే కనీస వస్తువులను సైతం వదులుకోవడమే ఆదర్శమని నేర్పింది. నేటి ఋణగ్రస్తుడి సిగ్గుకు ఇది ఒక మూలం.

3. రామదాసు కీర్తనల సంప్రదాయం కోపం, లెక్క, పశ్చాత్తాపం, వేడుకోలు అనే భావాలకు గౌరవప్రదమైన చోటు ఇచ్చింది. దివాలా దుఃఖాన్ని పలికించడానికి తెలుగులో ఉన్న సొంత వనరు ఇదే.

4. దివాలా ప్రారంభానికి పేరుంది, ముగింపుకు లేదు. ‘డిశ్చార్జ్’ను తెలుగువారు ‘చెల్లుచీటీ’గా పిలుచుకోవడం పరిభాషకే కాదు, మనసుకూ మేలు చేస్తుంది.

5. రుణమాఫీకి లేని అవమానం ఐ.పి.కి ఉండడం వల్ల, సిగ్గుకు మూలం తీరని బాకీ కాదని, తోడులేని విముక్తి అని అర్థమవుతుంది.

అప్పు భారం మనసును కుంగదీస్తున్నవారికి నేడు జిల్లా న్యాయసేవాధికార సంస్థల నుంచి న్యాయ సహాయం, టెలి మానస్ 14416 నంబరు ద్వారా మానసిక సహాయం అందుబాటులో ఉన్నాయి. ఆ సహాయం కోరే మనిషి ముందుగా నోరు విప్పాలి. నోరు విప్పడానికి అతడికి తనను నిందించని ఒక వాక్యం కావాలి. ‘నేను దివాలా తీశాను’ అన్నది ఆ వాక్యం కాదు. ‘నా వ్యాపారం చితికిపోయింది, కోర్టుకు చెప్పుకున్నాను, చెల్లుచీటీ వచ్చింది’ అన్న మూడు ముక్కల వాక్యాన్ని తెలుగులో సిగ్గుపడకుండా పలకగలిగిన రోజున, పెళ్లి పంక్తిలో కూర్చున్న మామ భోజనం ముగించి లేస్తాడు.